సోలార్ ప్లేట్ల మీద దుప్పట్లు

ఫిబ్రవరి 6

ఈ డైరీ డిపో వాళ్ళు ఆయనకిచ్చింది. బస్సులు వచ్చిన టైము, పోయిన టైము రాసి రాసి చెయ్యి పడిపోతోంది, ఇంట్లో కూడా రాయాలా అని నా ముందు పడేశారు. కరెంటు లెక్క ఇందులో రాయమన్నారు. లెక్క వెనక పేజీల్లో రాస్తాను. ముందు పేజీలు నావి. ఆయన ఎలాగూ వెనక పేజీలే చూస్తారు.

ఇవాళ సోలార్ ప్లేట్లు వచ్చాయి. మొత్తం ఆరు. మా ఆడపడుచు ఒంటిమీది బంగారమంతా అమ్మి, చాలనిదానికి అప్పు తెచ్చి మరీ కొంది. మొగుణ్ణి వదిలేసి వచ్చి మా మేడమీద గదిలో దిగి పది నెలలైంది. కరెంటు ఓవెన్ పెట్టి బన్నులు, బ్రెడ్డు చేసి దుకాణాలకి వేస్తోంది. ఇంటికి మీటరు ఒకటే. ఓవెన్ తిన్నదంతా మా బిల్లులోనే పడుతుంది. పోయిన నెల బిల్లు చూసి ఆయన ఇల్లు పీకి పందిరేశారు.

చివరికి తీర్పు చెప్పారు. ఆరు నెలలు చూస్తారట. సోలార్ కరెంటు లైను కరెంటు కన్నా చవకని తేలితే గది ఆవిడది, డాబా ఆవిడది. తేలకపోతే ఓవెన్ అమ్మేసి మొగుడి దగ్గరికి పోవాలి. అతను ఎలాగూ వారం వారం ఫోను చేసి పంపమంటున్నాడు.

"నన్ను అక్కడికి మాత్రం పంపకన్నయ్యా" అంది. ఆ మాట అంటూ మెడ కింద మచ్చ మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మచ్చ ఎలా వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. తరువాత నా వైపు తిరిగి, "లెక్క వదిన రాస్తుందిగా. ఇంక నాకు భయం లేదు" అంది.

ఫిబ్రవరి 8

సోలార్ మేస్త్రీ ప్లేట్లు బిగించి లెక్క చెప్పాడు. మంచి మాటకారి. "ప్లేట్ల ఖరీదు, అప్పు మీద వడ్డీ కలిపి ఇరవై ఏళ్ళకి పంచండమ్మా. వచ్చే యూనిట్లతో భాగించండి. రోజుకి పన్నెండు యూనిట్లు వస్తే యూనిట్ నాలుగున్నర పడుతుంది. లైను కరెంటు యూనిట్ ఎనిమిది. ఇంక పోటీ ఎక్కడుంది?"

"యూనిట్లు తగ్గితే?" అన్నాను. ఊరికే అడిగాను.

"తగ్గితే యూనిట్ ఖరీదు పెరుగుతుంది, పెట్టుబడి మారదు కదా. ఆరుకి పడిపోతే లైను కరెంటే నయం. ఎందుకు పడుతుందమ్మా, ఎండ ఉండగా?" అని, బట్టలారేసే తాడు వైపు చూశాడు. "అది మాత్రం తీసేయండి. ఒక్క ప్లేటు మీద నీడ పడినా ఆ వరుసంతా డీలా పడిపోతుంది."

ఆ తాడు నా పెళ్ళయిన ఏడు నుంచి అక్కడుంది. ప్లేట్లు నిన్నగాక మొన్న వచ్చాయి. ఎవరు ఎవరికి దారివ్వాలి?

ప్లేట్లలో ఎంత వచ్చిందో ఫోనులో చూసుకోవచ్చట. దానికి డాబా మీదకి ఇంటర్నెట్ కావాలట. దండగ అన్నారు ఆయన. "మీ వదిన ఉండగా ఫోనెందుకు?" అన్నారు. నేను కోడలిగా ఈ ఇంటికొచ్చాక నన్ను మెచ్చుకున్న మొదటి మాట అదేననుకుంటాను.

ఫిబ్రవరి 24

పన్నెండు. పదమూడు. పన్నెండు.

ఆవిడ తెల్లవారుజామున ఓవెన్ వేస్తుంది. అప్పుడు లైను కరెంటు వాడుకుంటుంది. పది గంటలకి బన్నులు స్కూటరు మీద వేసుకుని పోతుంది, రెండున్నరకి వస్తుంది. ఆ మధ్య ఎండలో వచ్చిన కరెంటంతా తిరిగి లైనులోకి పోతుంది. నెలాఖరుకి కరెంటాఫీసు వాళ్ళు మేం వాడిన యూనిట్లలోంచి ఆ పోయిన యూనిట్లు తీసేస్తారు. అందుకని మీటరు కూడా మార్చేశారు. లెక్క మార్చి ఒకటి నుంచి, ఆగస్టు ఆఖరు దాకా.

ఆయన డిపోలో ప్లేట్ల గురించే మాట్లాడుతున్నారట. "మా చెల్లెలు బుర్రే బుర్ర." ఇవాళ టీతో నాలుగు బన్నులు తిన్నారు. నేను వండింది ఎప్పుడైనా రెండోసారి అడిగారా?

మార్చి 1

పెళ్ళైన మూడో ఏడు కరెంటు కుట్టుమిషన్ అడిగాను. చుట్టుపక్కల బట్టలు కుడితే నా చేతిఖర్చు నేను చూసుకుంటానన్నాను. "మోటారుకి కరెంటు ఎవరు కడతారు?" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఓవెన్‌కి మాత్రం ఆరు నెలల గడువు దొరికింది. నాకు ఆరు రోజులు కూడా దొరకలేదు.

రాసుకుంటే తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

మార్చి 4

దుప్పట్లు ఉతికాను. నాలుగు. తాడు పాతబడిపోయింది, మార్చి కట్టాను. నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి పిట్టగోడ కర్రకి కడితే ఎండ బాగా తగులుతుంది. ప్లేట్లకి సరిగ్గా పైనుంచి పోతోంది, నేనేం చేయను, ఎండ ఉన్నచోటే కదా ఆరేయాలి.

పదికి వేశాను. రెండుకి తీశాను.

ఆరు యూనిట్లు.

మార్చి 5, ఆదివారం

ఆయన ఇంట్లో ఉన్నారు. ఆదివారం పొద్దుట్నుంచీ డాబా మీదే పేపరు చదువుతూ కూర్చుంటారు. ఉతుకు లేదు.

పన్నెండు.

మార్చి 6

దుప్పట్లు. అయిదున్నర.

మార్చి 7

దుప్పట్లు, తెరలు. అయిదు.

మార్చి 8

దుప్పట్లు. ఇంట్లో ఇద్దరం, మేడమీద ఒక మనిషి. ఇన్ని దుప్పట్లు మాస్తాయా అని ఎవరైనా అడిగితే దుమ్ము అనాలి. ఎవరూ అడగరు. నేనేం ఉతుకుతున్నానో ఈ ఇంట్లో ఎవరికి పట్టింది?

మార్చి 31

నెల లెక్క చూపించాను. యూనిట్ ఎనిమిది ఇరవై. లైను ఎనిమిది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడో పొరపాటుంది వదినా."

"నువ్వే కూడి చూసుకో" అని డైరీ వెనక పేజీలు తిప్పి ఇచ్చాను. అంకెలు నిజమే కదా. మీటరు ఎంత చూపిస్తే అంతే రాశాను, ఒక్క అంకె దిద్దలేదు. రెండుసార్లు కూడి చూసుకుని, "నీ లెక్క తప్పదులే" అని తిరిగిచ్చింది.

ఏప్రిల్ 3

మేస్త్రీని పిలిపించింది. సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. తాడు మీద అప్పుడేముంటుంది? అన్నీ విప్పి చూశాడు. బాగానే ఉన్నాయన్నాడు.

"మధ్యాహ్నం ఏమైనా నీడ పడుతోందా?"

"నేను ఆ టైముకి ఉండను. వదిన ఉంటుంది" అని నా వైపు చూసింది.

"నీడెక్కడిది? చుట్టుపక్కల చెట్టు లేదు, పుట్ట లేదు" అన్నాను. చెట్టూ లేదు, పుట్టా లేదు, అందులో అబద్ధమేముంది.

దుమ్మై ఉంటుందన్నాడు. రోజూ తుడవమన్నాడు.

ఏప్రిల్ 5

తెల్లారకుండానే లేచి, ఓవెన్ వెయ్యడానికి ముందు, ఆరు ప్లేట్లూ తడిగుడ్డతో తుడుస్తోంది. అద్దంలా మెరుస్తున్నాయి. వాటి మీదే దుప్పట్లు వేశాను. అయిదున్నర.

ఏప్రిల్ 19

ఆవిడ ఇవాళ పన్నెండింటికే వచ్చేసింది, స్కూటరు పంక్చరట. గది తలుపు తెరిచి ఉండడం చూసి డాబా మీదకి వచ్చింది. నేను తాడు దగ్గరే ఉన్నాను. దుప్పట్లన్నీ బారుగా ఉన్నాయి.

తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. అయిపోయింది, దొరికిపోయాననుకున్నాను.

"వదినా, నాది కూడా ఉతికావా?"

అవును. ఇవాళ ఉన్నవి సరిపోలేదని ఆవిడ మంచం మీది దుప్పటి కూడా తెచ్చి తడిపాను.

"అమ్మ పోయాక నా పక్కబట్టలు ఇంకొకళ్ళు ఉతకడం ఇదే మొదటిసారి" అని నా భుజం మీద తల పెట్టింది. ఒళ్ళంతా పిండి వాసన. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, ఇందులో నటన లేదు.

తరువాత తలెత్తి, "కొంచెం నీడ పడుతోంది కదా వదినా?" అంది.

"ఇప్పుడే వేశాను. అరగంటలో తీసేస్తాగా."

"సరే సరే. నీకు శ్రమ. నేను మడతపెడతాలే" అని కిందికి పోయి టీ పెట్టుకొచ్చింది. ఇద్దరం దుప్పట్ల నీడలో కూర్చుని తాగాం. నీడ చల్లగా ఉంది.

ఏప్రిల్ 20

ఇవాళ ఉతకకూడదనుకున్నాను.

ఉతికాను.

మే 14, ఆదివారం

ఆవిడ మొగుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళు. మర్యాదగా మాట్లాడాడు. "కోపంలో ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్న మాట నిజమే బావగారూ. మనిషన్నాక..." అన్నాడు. ఆయన తలూపారు. "ఆగస్టు దాకా ఆగు. లెక్క తేలనీ" అన్నారు.

ఆవిడ మేడమీద తలుపు గడియ పెట్టుకుంది. అతను పోయిన రెండు గంటలకి గానీ తియ్యలేదు. తలుపు వెనకకి ఓవెన్ జరిపి పెట్టిందట. ఒక్కర్తీ ఎలా జరిపిందో.

నేను ఉతికే దుప్పట్లకీ, అతను చెయ్యి చేసుకోవడానికీ ఏమిటి సంబంధం? అతను కొడితే అతను కొట్టినట్టు.

జూన్ 18

జ్వరం. ఏమీ రాయలేను. ఉతుకు లేదు.

జూన్ 22

ఇంకా జ్వరమే. ఆవిడే చూస్తోంది. పాలల్లో బ్రెడ్డు నానబెట్టి చెంచాతో తినిపిస్తోంది. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. ప్లేట్లు తుడిచే గుడ్డలాంటిదే, తెల్లది. మీటరు కూడా తనే చూసుకొచ్చి నా మంచం దగ్గర చదివింది.

"పన్నెండు వదినా! వరసగా అయిదో రోజు! తుడవగా తుడవగా దారికొచ్చాయి చూడు!"

చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

జూన్ 25

వారం రోజుల ఎండ మొత్తం లెక్కని మార్చేసింది. మంచంలోనే కూడాను. యూనిట్ ఏడు తొంభై ఏడు. లైను ఎనిమిది. మూడు పైసలే తేడా, అయినా తేడా తేడానే. ఇలాగే సాగితే ఆవిడ ఇక్కడే ఉంటుంది.

ఉంటే ఏమవుతుంది? పొద్దున్నే బన్నుల వాసన వస్తుంది. ఆయన నాలుగు తింటారు. చెల్లెలి బుర్ర గురించి డిపోలో చెప్తారు. నాకు జ్వరమొస్తే ఒకరుంటారు.

అంతా ఆలోచించాను. అన్నీ తెలిసే రాస్తున్నాను.

జూన్ 26

లేచాను. కళ్ళు తిరిగాయి, రెండుసార్లు మెట్ల మీద కూర్చున్నాను. తడి దుప్పటి ఇంత బరువుంటుందని ఆరోగ్యంగా ఉన్నప్పుడు తెలియదు.

ఆరు.

జూన్ 27

"నువ్వు లేవడం, ప్లేట్లు పడకెయ్యడం ఒకేసారి" అని ఆయన నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

జులై 31

దుప్పట్లు. రోజూ దుప్పట్లే. రాయడానికి వేరే ఏముంది. రెండు చిరిగాయి. ఉతుకుళ్ళకి.

ఆవిడ బాగా చిక్కిపోయింది. పసిపిల్లల్ని బుజ్జగించినట్టు రోజూ ప్లేట్లతో మాట్లాడుతోంది. కిందికి వినిపిస్తుంది.

ఆగస్టు 31

లెక్క తేలింది. యూనిట్ ఎనిమిది పాతిక.

ఆయన డైరీ వెనక పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. నా చేతిరాత మెచ్చుకున్నారు. ఆవిడ నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంకో నెల చూడన్నయ్యా."

"ఆరు నెలలన్నాం, ఆరు నెలలయ్యాయి. లెక్కకి చుట్టరికాలుండవమ్మా."

"ఎనిమిదికి పాతికే కదా ఎక్కువ. ఆ పాతిక నేను కడతాను. ఎప్పటికీ కడతాను."

ఆయన తడబడ్డారు. చూశాను. నా వైపు తిరిగి, "ఏమంటావ్?" అన్నారు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను ఏమంటావని అడగడం ఇదే.

ఒక్క మాట చాలు. అంతా నా నోట్లో ఉంది.

"మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరం?" అన్నాను.

సెప్టెంబర్ 4

వచ్చి తీసుకెళ్ళాడు. ఆటోలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ దిగి వచ్చి నన్ను కౌగిలించుకుంది. "ప్లేట్లు తుడుస్తూ ఉండు వదినా. మీకైనా పనికొస్తాయి" అంది. విప్పి అమ్మితే కూలి ఖర్చులకే సరిపోతుందట, అందుకని మాకే వదిలేసింది. అప్పు మాత్రం ఆవిడ పేరునే ఉంది.

తాడు విప్పేశాను. పెరట్లో కట్టాను. అక్కడా ఎండ బాగానే ఉంది.

సెప్టెంబర్ 5

పదమూడు.

సెప్టెంబర్ 30

మాకు బిల్లు సున్నా. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటే, ఇప్పుడు ఇంత వస్తోంది?" అన్నారు.

"ఓవెన్ లేదుగా" అన్నాను.

"అది వాడకం. నేను వచ్చేదాని గురించి అడుగుతున్నాను."

"ఎండలు ముదిరాయి" అన్నాను. ఆయన బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

అక్టోబర్ 15, ఆదివారం

చూసి వద్దామని వెళ్ళాం. కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

"ఏమైందే?" అన్నారు ఆయన.

"ఓవెన్ తగిలి కాలిందన్నయ్యా" అంది. మొగుడు పక్కనే కుర్చీలో కూర్చుని పళ్ళు కోస్తున్నాడు.

ఓవెన్ని మేమే అమ్మేశాం. ఆ ఇంట్లో ఓవెన్ లేదు, నేను వంటగదిలోకి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నాను కదా. ఆయన కూడా చూశారు. "జాగ్రత్తగా ఉండాలి కదమ్మా" అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

కొత్త ఓవెన్ కొనుక్కుందేమో. ఎక్కడో లోపల పెట్టుకుందేమో.

నవంబర్ 11

రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను.

మేస్త్రీ ఉచిత సర్వీసుకి వచ్చాడు. ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. ప్లేట్ల వైర్లు వచ్చి కలిసే గోడపెట్టెకి మేస్త్రీ తన ల్యాప్‌టాప్ తగిలించాడు. ఆ పెట్టె గంట గంటకీ ఎంత కరెంటు వచ్చిందో అన్నీ దాచుకుంటుందట. మొదటి రోజు నుంచీ. ఇంటర్నెట్ లేకపోయినా. నాకు తెలియదు. లెక్కంటే నేను రాసేదేననుకున్నాను.

"ఇదేంటి సార్, వింతగా ఉంది" అన్నాడు. తెర మీద గీతలు. "మార్చి నాలుగు నుంచి ఆగస్టు ఆఖరు దాకా రోజూ పదింటికి పడిపోయింది, రెండింటికి లేచింది. గడియారం పెట్టినట్టు. మళ్ళీ ఆదివారాలు మాత్రం నిండుగా వచ్చింది. మధ్యలో జూన్‌లో వారం బాగుంది. ఎవరో కావాలని ఏదో కప్పినట్టుంది."

ఆయన తెర వైపు చూశారు. పెరట్లో తాడు వైపు చూశారు. తాడు మీద ఒక్క దుప్పటి ఉంది. ఆ తరువాత నా వైపు చూశారు. జూన్‌లో వారం ఎవరు మంచంలో ఉన్నారో ఆయనకి తెలుసు.

కొడతారనుకున్నాను. లేదా చెప్పులేసుకుని చెల్లెలి కోసం పరుగెత్తుతారనుకున్నాను. నిజం చెప్పాలంటే పరుగెత్తాలనే కోరుకున్నాను, ఆ ఒక్క నిమిషం. వెళ్ళి తీసుకొచ్చెయ్యండి అనబోయాను.

ఆయన మేస్త్రీ వైపు తిరిగారు.

"ఆ పాతదంతా చెరిపెయ్యొచ్చా?"

"చెరపొచ్చు సార్. కానీ ఎందుకు? ఉంటే మంచిదేగా."

"వద్దులే. కొత్తగా మొదలుపెడదాం. ఈ ప్లేట్ల మీద ఏసీ నడుస్తుందా? మేడమీద గది ఖాళీగానే ఉంది."

మేస్త్రీ నడుస్తుందన్నాడు. ఏదో నొక్కాడు. గీతలు పోయాయి.

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఆయన్ని మోసం చేశాననే అనుకున్నాను. ఆయన కోసం పని చేశానని ఇవాళ తెలిసింది.

నవంబర్ 26, ఆదివారం

ఏసీ బిగించారు. మధ్యాహ్నం భోంచేసి ఇద్దరం మేడమీద గదిలో పడుకున్నాం. గోడ పక్కన ఓవెన్ కాళ్ళ గుర్తులు నాలుగు అలాగే ఉన్నాయి, కడిగినా పోలేదు. మంచం వాటి మీదకి జరిపాం.

ఫోను మోగింది. ఆవిడ నంబరు.

"నువ్వెత్తు" అన్నారు.

"మీ చెల్లెలు. మీరెత్తండి" అన్నాను.

చివరిదాకా మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆయన లేచి రిమోటు తీసుకుని ఏసీ ఇంకాస్త పెంచారు. "కరెంటు ఊరికే వస్తోందిగా" అన్నారు. దాని హోరులో ఫోను కొంచెం తక్కువగా వినిపించింది.

ఆగాక, మూడోసారి మోగుతుందేమోనని ఇద్దరం ఫోను వైపు చూస్తూ పడుకున్నాం. మోగలేదు. గది చల్లబడింది, నిద్ర పట్టేసింది.